పద్యంలో పోలిక ఎక్కడ దాక్కుంటుంది

"చిటారు కొమ్మన మిఠాయి పొట్లం" అనగానే "తేనెపట్టు" అని అరిచే ఆరేళ్ల పిల్లకు అలంకారశాస్త్రం తెలియదు. అయినా ఆ పిల్ల చేసిన పని చిన్నదేమీ కాదు. చెట్టుకు మిఠాయి పొట్లాలు కాయవు కాబట్టి ఆ మాటను ఉన్నదున్నట్టు తీసుకోకూడదని ముందు పసిగట్టింది. కొమ్మకు వేలాడేది, లోపల తీపి ఉండేది ఏమిటా అని తర్వాత వెతికింది. పొట్లం వెనక దాగిన వస్తువును చివరికి బయటికి లాగింది. ఆలంకారికులు ఇదే సంగతిని ఉపమానం (పోలికకు తెచ్చిన వస్తువు) ఉపమేయాన్ని (అసలు వస్తువును) మింగేయడం అన్నారు. రూపకాతిశయోక్తి అని దానికి పేరు పెట్టారు. పేరు పెద్దది, పని మాత్రం పొడుపుకథ విప్పడమే.

"చెయ్యని కుండ, పొయ్యని నీళ్లు, వెయ్యని సున్నం" ఇంకా తెలివైన పొడుపు. ఇందులో ప్రతి విశేషణమూ ఒక సైగ. కుండ అన్నమాట నిజమే గానీ కుమ్మరి చేసిన కుండ కాదు, నీళ్లే గానీ ఎవరూ పోసినవి కావు, తెలుపే గానీ ఎవరూ వేసిన సున్నం కాదు. ఒక్కో మాటలో సగాన్ని నిలబెట్టి సగాన్ని కొట్టేస్తూ పోతే మిగిలేది కొబ్బరికాయ. కవులు చేసేదీ ఇంతకు భిన్నం కాదు. తేడా అల్లా పొడుపుకథకు జవాబు ఒకటే ఉంటుంది. మంచి పద్యంలో జవాబు దొరికాక అసలు సంగతి మొదలవుతుంది.

బడిలో ఈ విద్య నేర్పే తీరు వేరు. "వలె, పోలె, లాగ, అట్లు" కనబడితే ఉపమ, "అనెడి" పెట్టి విడదీయగలిగితే రూపకం, "అన్నట్లు", "ఏమో అనునట్లు" ఉంటే ఉత్ప్రేక్ష. పరీక్షలో మార్కులు రావడానికి ఈ పట్టిక బాగానే పనికొస్తుంది. పద్యం అర్థం కావడానికి అంతగా పనికిరాదు, కొన్నిచోట్ల దారి తప్పిస్తుంది కూడా. వేమన పద్యమే చూడండి.

అల్పుడెపుడు పల్కు నాడంబరము గాను
సజ్జనుండు పల్కు చల్లగాను
కంచు మ్రోగినట్లు కనకంబు మ్రోగునా
విశ్వదాభిరామ వినురవేమ

"మ్రోగినట్లు"లో అట్లు కనబడింది కదా అని ఉపమ అని రాసేస్తే బోల్తా పడ్డట్టే. ఆ "అట్లు" కలుపుతున్నది కంచునూ కనకాన్నీ. అదీ రెండూ ఒకేలా మోగవని చెప్పడానికి. అసలు పోలిక అక్కడ లేదు. అల్పుడికి కంచు, సజ్జనుడికి కనకం జోడీ. ఈ జోడీలను కలిపే మాట పద్యంలో ఒక్కటి కూడా లేదు. రెండు పాదాల్లో ఒక వాక్యం, మూడో పాదంలో ఇంకో వాక్యం, ఎదురెదురుగా పెట్టిన అద్దాల్లా నిలబడ్డాయి. దీన్ని దృష్టాంతం అంటారు. ఉప్పూ కప్పురమూ పద్యంలో ఈ ఉచ్చు ఇంకా గట్టిది. అక్కడ "ఒక్క పోలిక నుండు" అని ఏకంగా పోలిక అనే మాటే ఉంది. కానీ అది ఉప్పుకీ కర్పూరానికీ చూపులో ఉన్న మామూలు పోలిక. కవి చేస్తున్న పోలిక మూడో పాదంలో పుణ్యపురుషుల దగ్గర, వాచకం, అంటే పోలికను కలిపే మాట, ఏదీ లేకుండా జరిగిపోతుంది.

అదే వేమన మేడిపండు పద్యంలో "పిరికివాని మదిని బింక మీలాగురా" అంటాడు. ఇక్కడ "ఈలాగు" తన పని తాను చేసింది. పొట్టలో పురుగులున్న పండునూ, లోపల భయం పెట్టుకుని పైకి బింకం పోయే మనిషినీ నేరుగా ముడివేసింది. కాబట్టి చూడవలసింది వాచకం ఉందా లేదా అని కాదు, అది ఏ రెంటిని కలుపుతోందని.

ఉపమకు నాలుగు అంగాలు చెప్తారు. దేన్ని పోలుస్తున్నామో అది ఉపమేయం. దేనితో పోలుస్తున్నామో అది ఉపమానం. రెంటికీ ఉన్న ఉమ్మడి గుణం సమానధర్మం. కలిపే మాట ఉపమావాచకం. నాలుగూ ఉంటే పూర్ణోపమ, ఏదైనా లోపిస్తే లుప్తోపమ. వాచకాల్లో బడి పట్టికకు ఎక్కనివి చాలా ఉన్నాయి. కరణి, పగిది, భంగి, వడువు, చందము, తెఱగు, ఓజ, ఎన. వీటిలో కొన్ని వాడుకలోంచి జారిపోవడంతో ప్రాచీన పద్యం చదివేవాళ్లు ఉపమను దాటి వెళ్లిపోతుంటారు. తిక్కన విరాటపర్వంలోని ఈ పద్యంలో మీట అంతా ఒక్క "ఓజ" దగ్గరే ఉంది.

సింగం బాకటితో గుహాంతరమునం జేట్పాటుమై నుండి మా
తంగ స్ఫూర్జిత యూథ దర్శన సముద్యత్క్రోధమై వచ్చు నో
జం గాంతార నివాస ఖిన్నమతి నస్మత్సేనపై వీఁడె వ
చ్చెం గుంతీసుత మధ్యముండు సమరస్థేమాభిరామాకృతిన్

ఆకలితో గుహలో ఇక్కట్లు పడుతున్న సింహం ఏనుగుల గుంపు కనబడగానే కోపం ఎగదన్ని వచ్చే తీరున, అడవిలో ఉండి ఉండి మనసు నొగిలిన అర్జునుడు మన సేన మీదికి వస్తున్నాడు అని భావం. అంగాలు లెక్కపెట్టుకోవడం సులువే. సింహం అర్జునుడు, గుహ అడవి, ఏనుగుల గుంపు కౌరవసేన. ఇక్కడితో ఆగిపోయేవాళ్లే ఎక్కువ. ఇంకో రెండు ప్రశ్నలు వేస్తేనే పద్యం కదులుతుంది.

మొదటిది, జోడీ దొరకకుండా మిగిలిపోయిన మాట ఏది? సింహానికి ఆకలి ఉంది. అర్జునుడి వైపు దానికి సరితూగే మాట కవి పెట్టలేదు, "ఖిన్నమతి" అని మాత్రమే అన్నాడు. ఆ ఖాళీని చదివేవాళ్లే పూరించుకోవాలి. పన్నెండేళ్ల అరణ్యవాసం, ఏడాది అజ్ఞాతవాసం యుద్ధం కోసం పేర్చిన ఆకలి అది. పైగా ఆ సింహంలో పుట్టింది తిండి మీద ఆశ కాదు, క్రోధం. ఆకలి కోపంగా మారే ఆ మలుపు సింహం ప్రవర్తనగా చూస్తే కాస్త వింత. అర్జునుడి మనసుగా చూస్తే అచ్చంగా సరిపోతుంది. ఉపమేయంలోని రంగు ఉపమానంలోకి కారిందన్నమాట. రెండో ప్రశ్న, ఈ మాట ఎవరి నోట వచ్చింది? "అస్మత్సేన" అన్న ఒక్క మాట చాలు, ఇది కౌరవుల వైపు నుంచి వచ్చిన మాట. శత్రువును సింహం అన్నప్పుడే తన సేనను ఏనుగుల మందను చేశాడు. ఏనుగులు బలం లేనివేమీ కావు, మందగా ఉన్నవి, ఎదురుగా ఉన్న సింహం ఒక్కటే. అయినా కావ్యలోకంలో సింహం ఎదురైతే ఏనుగు పని అయిపోయినట్టే. యుద్ధం మొదలు కాకముందే దాని ఫలితం పోలికలోంచి జారిపడింది. మనవాళ్లు ఓడిపోతారని నోరు తెరిచి అనకుండానే అనేశాడు.

సుమతీ శతకంలో ఇదే గుట్టు చిన్న రూపంలో ఉంది.

ఎప్పుడు సంపద కలిగిన
నప్పుడు బంధువులు వత్తు రది యెట్లన్నన్
తెప్పలుగ చెరువు నిండిన
కప్పలు పదివేలు చేరు గదరా సుమతీ

"అది యెట్లన్నన్" అని కవి స్వయంగా చేయి చూపిస్తున్నాడు, ఇక గుర్తుపట్టడంలో కష్టమేమీ లేదు. చుట్టాలూ కప్పలూ చేరడం అనే ఒక్క గుణాన్నే పైకి చెప్పాడు. కానీ కప్ప అనగానే దాని బెకబెక కూడా వెంట వస్తుంది, చెరువు ఎండితే అది కనబడకుండా పోవడమూ వస్తుంది. చెప్పిన సమానధర్మం ఒకటి, చెప్పకుండా మోసుకొచ్చినవి రెండు. ఈ పద్యం విని చుట్టాలు నొచ్చుకుంటే ఆ చెప్పని రెంటికే నొచ్చుకుంటారు.

తెలుగు పద్యంలో పోలికకు ఇంకో దాక్కునే చోటు సమాసం. ఇక్కడ వాచకం ఉండదు, వాక్యం ఉండదు, రెండు మాటలు అతుక్కుపోయి ఉంటాయి. కలువకన్నులు అంటే కలువల వంటి కన్నులు. విద్యాధనం అంటే విద్య అనెడి ధనం. ఈ రెండూ తేలికే. చిక్కు వచ్చేది పాదారవిందం వంటి మాటల దగ్గర. అరవిందం వంటి పాదం అని విడదీస్తే ఉపమ, పాదమనెడి అరవిందం అని విడదీస్తే రూపకం. విగ్రహవాక్యం ఎలా రాసినా తప్పనిపించదు. దీనికి పూర్వులు చెప్పిన ఉపాయం చక్కనిది. పక్కనున్న క్రియను చూడమన్నారు. పాదారవిందానికి మొక్కాడు అంటే మొక్కేది పాదానికే కాబట్టి పాదం ముఖ్యం, ఉపమ. పాదారవిందపు తేనె తాగింది అంటే తేనె ఉండేది అరవిందంలోనే కాబట్టి పాదం కాసేపు పువ్వైపోయింది, రూపకం. సమాసం లోపల తేలని తగువును బయటి క్రియ తీరుస్తుంది.

పోతన భాగవతంలో ప్రహ్లాదుడి నోట వచ్చే "మందార మకరంద మాధుర్యమునఁ దేలు మధుపంబు వోవునే మదనములకు" అన్న సీసంలో ఈ ఉపాయం ఎలా పనిచేస్తుందో చూడవచ్చు. మందారపు తేనె రుచి మరిగిన తుమ్మెద ఉమ్మెత్త పూల దగ్గరికి పోతుందా, ఆకాశగంగ అలల మీద ఊగే రాయంచ మామూలు ఏళ్లకు పోతుందా, లేత మామిడి చిగుళ్లు తిని మత్తెక్కిన కోయిల కొండమల్లె చెట్లకు చేరుతుందా, పున్నమి వెన్నెల తాగే చకోరం మంచుకు మరుగుతుందా అని నాలుగు ప్రశ్నలు. ఆ తర్వాత సీసం చివర వచ్చే ఎత్తుగీతిలో

అంబుజోదర దివ్య పాదారవింద
చింతనామృత పాన విశేష మత్త
చిత్త మేరీతి నితరంబుఁ జేర నేర్చు

అని వస్తుంది. "చింతనామృతం" దగ్గర ఆగాలి. అమృతం వంటి చింతనా, చింతన అనెడి అమృతమా? వెంటనే "పానం", ఆ వెంటనే "మత్త" ఉన్నాయి. తాగేది, మత్తెక్కించేది చింతన కాదు, అమృతమే. కాబట్టి రూపకం. ఈ తేడా పండితుల గిల్లికజ్జా అనుకోనక్కర్లేదు. నాలుగు సీసపాదాల్లోనూ ఏదో ఒకటి తాగడమో తినడమో మైమరవడమో ఉంది. తుమ్మెద తేలుతోంది, కోయిల చొక్కుతోంది. ఆ గొలుసు గీతపద్యంలోకి కొనసాగాలంటే చింతన నిజంగా ద్రవం కావాలి. అమృతం లాంటిది అయితే చాలదు. రూపకంగా చదివితేనే ప్రహ్లాదుడి మనసు తుమ్మెద పక్కన, కోయిల పక్కన అయిదో ప్రాణిగా వచ్చి కూర్చుంటుంది. "మాటలు వేయు నేల" అని ముగించే హక్కు అప్పుడే వచ్చింది అతనికి.

సమాసంలో దాగిన రూపకాన్ని పూర్తిగా విప్పి పరిచిన కవి గురజాడ. 1910లో రాసిన దేశభక్తి గేయంలో ఈ పంక్తులున్నాయి.

దేశమనియెడి దొడ్డ వృక్షం
ప్రేమలను పూలెత్తవలెనోయ్
నరుల చెమటను తడిసి మూలం
ధనం పంటలు పండవలెనోయ్

పండితుడైతే దేశవృక్షం అని ఒక సమాసం కొట్టి ఊరుకునేవాడు. గురజాడ విద్యార్థులు పరీక్షలో రాసే విగ్రహవాక్యాన్నే పాటలో పెట్టేశాడు. "దేశమనియెడి దొడ్డ వృక్షం". దాంతో చదువురాని మనిషికి కూడా రూపకం చేతికందింది. తర్వాత చెట్టు అంగాలన్నింటికీ జోడీలు కుదిర్చాడు. పువ్వులు ప్రేమలు, నీళ్లు చెమట, పంట ధనం, ఆకుల్లో దాక్కుని పలికే కోవిల కవిత. చివరికి అభిమానాలు మొలకెత్తుతాయి.

ఈ గేయంలో అందరికీ నోటికొచ్చిన వాక్యం ఇది కాదు, "దేశమంటే మట్టికాదోయి, దేశమంటే మనుషులోయి". ఒకదాన్ని కాదని ఇంకోదాన్ని నిలబెట్టడం చూసి దీన్ని అపహ్నుతి అనాలనిపిస్తుంది. కానీ అపహ్నుతిలో ఉన్న వస్తువును కాదని లేని వస్తువును అంటగడతారు. ఇది చంద్రుడు కాదు, ఆకాశగంగలో పూసిన తామర అన్నట్టు. గురజాడ లేనిదేదీ అంటగట్టలేదు. దేశం అనే మాటకు అలవాటైన అర్థాన్ని తీసేసి, మరిచిపోయిన అర్థాన్ని తిరిగి పెట్టాడు. అలంకారం వేషం వేసుకున్న నిర్వచనం అది. అన్నట్టు, మట్టి కాదని గట్టిగా చెప్పిన గేయంలోనే దేశం చెట్టుగా మారడం గమనించదగ్గది. చెట్టుకు మట్టి కావాలి కదా. మట్టి తిరిగి వచ్చింది, కానీ ఈసారి చెమటతో తడిసి వచ్చింది. మనుషులు తడిపిన మట్టి కాబట్టి దానికి మళ్లీ చోటు దొరికింది. ఈ రెండు చోట్లనూ కలిపి చదవకపోతే కవి తన మాటకు తానే ఎదురాడినట్టుంటుంది.

అలంకారాల పేర్ల గురించి ఇక్కడ ఒక మాట. భరతుడి నాట్యశాస్త్రంలో ఉన్నవి నాలుగే, ఉపమ, రూపకం, దీపకం, యమకం. అప్పయ్య దీక్షితుల అలంకారగ్రంథం కువలయానందం నాటికి అర్థాలంకారాలే నూరు దాటాయి. పెరిగింది కవుల ఊహ కాదు, పేర్లు పెట్టేవాళ్ల ఓపిక. పేరు తెలియడం వల్ల లాభం లేదని కాదు. ఒక పద్యం గురించి ఇద్దరు మాట్లాడుకోవడానికి అది వీలుగా ఉంటుంది. పేరు పెట్టగానే పని అయిపోయిందనుకోవడమే నష్టం. పేరు కుదరని చోట్ల కూడా పద్యం తన పని చేసుకుపోతూనే ఉంటుంది. వామనావతారంలో పోతన రాసిన రెండు పద్యాలు ఇందుకు సాక్ష్యం. మొదటిది "ఇంతింతై వటుడింతయై". ఇందులో పోలికే లేదు. ఇంత, అంత, అల్లంత అంటూ చేత్తో చూపించడమే. ఆకాశం, మేఘాలు, చంద్రుడు, ధ్రువుడు, మహర్లోకం, సత్యలోకం దాటి కొలత పైపైకి పోతుంది. వెంటనే అదే సంఘటన రెండోసారి.

రవిబింబం బుపమింపఁ బాత్రమగు ఛత్రంబై, శిరోరత్నమై
శ్రవణాలంకృతియై, గళాభరణమై, సౌవర్ణకేయూరమై
ఛవిమత్కంకణమై, కటిస్థలి నుదంచద్ఘంటయై, నూపుర
ప్రవరంబై, పదపీఠమై వటుఁడు దా బ్రహ్మాండమున్ నిండుచోన్

సూర్యబింబం మొదట గొడుగు, తర్వాత తలమీద మణి, చెవికి ఆభరణం, మెడలో నగ, దండకడియం, చేతి కంకణం, మొలగంట, కాలి అందె, చివరికి పాదం కింద పీట. తొమ్మిది పోలికలు. "ఉపమింప" అన్న మాటను కవే వాడాడు కాబట్టి ఇది పోలికల పద్యమని గుర్తుపట్టడం కష్టం కాదు. దీన్ని ఏ గదిలో పెట్టాలన్నదానికి ఒకటికి మించి జవాబులు చెప్పవచ్చు. అంతకన్నా విలువైన ప్రశ్న, తొమ్మిది పోలికలు ఎందుకు, ఒకటి చాలదా అని. సూర్యుడు ఉన్నచోటు నుంచి కదల్లేదు. అతని ఉద్యోగం మారుతోంది, గొడుగు నుంచి పీట దాకా. ఒక్కో నగ ఒళ్లు మీద కాస్త కాస్త కిందికి దిగుతోందంటే ఆ ఒళ్లు అంతంత పైకి లేచిందన్నమాట. వామనుడు పెరిగాడు అని పద్యంలో ఎక్కడా లేదు. పెరుగుదలంతా నగల వరసలో ఉంది. నగల క్రమం మార్చి చదివి చూడండి, చెవిపోగు ముందు కాలి అందె పెట్టి. పద్యం అక్కడే కూలిపోతుంది. మొదటి పద్యంలో చూపు కింది నుంచి పైకి పోయింది, రెండో పద్యంలో పై నుంచి కిందికి దిగింది. పోలికను నగగా వాడలేదు పోతన, కొలబద్దగా వాడాడు. నగల పేర్లతోనే ఆ కొలబద్ద చేయడం అతని చమత్కారం.

పద్యంలోంచి ఒక పాదాన్ని తెంచి గుర్తుపెట్టుకోవడం మనకు అలవాటు. రూపకానికి దీనివల్ల జరిగే నష్టం దాశరథి కృష్ణమాచార్య పద్యంలో తెలుస్తుంది. నిజాం పాలనలో నిజామాబాద్ జైల్లో ఉన్నప్పుడు గోడ మీద బొగ్గుతో రాశాడని ప్రసిద్ధి.

ఓ నిజాము పిశాచమా! కానరాడు
నిన్ను బోలిన రాజు మాకెన్నడేని
తీగలను తెంపి అగ్నిలో దింపినావు
నా తెలంగాణ కోటి రత్నాల వీణ

జనం నోట్లో నాలుగో పాదం ఒక్కటే నిలిచింది, "కోటి రతనాల వీణ"గా. తేటగీతి గణాలకు కుదిరేది "రత్నాల", పలకడానికి తీయనిది "రతనాల", జనం తీపినే ఎంచుకున్నారు. విడిగా వింటే ఇది ప్రాంతాన్ని పొగిడే రూపకం. వీణ, దానికి రత్నాలు, అంతా శోభ. మూడో పాదంతో కలిపి చదివితే బొమ్మ తిరగబడుతుంది. ఈ వీణకు తీగల్లేవు. ఎవరో తెంపారు, నిప్పుల్లో పడేశారు. పలకవలసిన వీణ మూగబోయి మండుతుంటే కవి దాని విలువ చెప్తున్నాడు, నేరం ఎంతటిదో తెలియడానికి. అది పొగడ్త కాదు, నేరారోపణ.

రెండో పాదం ఇంకా గడుసుది. "నిన్ను బోలిన రాజు కానరాడు" అన్న వాక్యాన్ని మాత్రమే ఒక కాగితం మీద రాసి ఇస్తే ఆస్థానకవి రాజును కీర్తిస్తున్నాడనుకుంటాం. రాజుకు సాటి లేడనడం ప్రబంధాల కాలం నుంచి అరిగిపోయిన పొగడ్త. దాశరథి ఆ పొగడ్త వాక్యాన్ని అలాగే ఉంచి ముందు "పిశాచమా" అన్న ఒక్క పిలుపు పెట్టాడు. వాక్యం మొత్తం తిట్టయిపోయింది. "పోలిన" ఉన్నా ఇందులో ఉపమ లేదు, పోలిక లేదనడమే ఇందులో ఉంది. వాచకాల పట్టిక ఇక్కడ మరోసారి చేతులెత్తేస్తుంది.

ఇంతదాకా చూసినవాటిలో పైఅర్థం ఎక్కడో ఒకచోట చిట్లుతుంది. మనసు అమృతం తాగదు, దేశం పూలు పూయదు, అక్కడ ఆగి వెతకాలని తెలిసిపోతుంది. శాస్త్రంలో దీనికి వాడే పాత ఉదాహరణ "గంగలో పల్లె". నీళ్లలో ఊరు ఉండదు కాబట్టి గంగ ఒడ్డున అని లక్షణావృత్తితో అర్థం చేసుకుంటాం. "ఊరంతా నవ్వింది" అన్నప్పుడు మనం చేసేదీ ఇదే. కానీ పైఅర్థం ఏమాత్రం చిట్లకుండానే లోపల ఇంకో అర్థం మెదిలే మాటలు ఉన్నాయి. "వాళ్లింట్లో పొయ్యిలో పిల్లి లేవలేదు" అంటారు. పిల్లి నిజంగానే వెచ్చటి బూడిదలో పడుకుని ఉండవచ్చు, వాక్యంలో అబద్ధమేమీ లేదు. ఆ పిల్లి లేవలేదంటే పొయ్యి వెలగలేదు, పొయ్యి వెలగలేదంటే గింజలు లేవు. ఒక్కో మెట్టు దిగితే ఆకలి కనబడుతుంది. దీన్ని ఆలంకారికుడు ఆనందవర్ధనుడి దారిలో ధ్వని అంటారు. గుర్తుపట్టడానికి ఏ వాచకమూ ఉండదు, ఏ తర్కభంగమూ ఉండదు. ఈ సంగతి ఇప్పుడెందుకు చెప్తున్నారు అన్న అనుమానమే దారి చూపించాలి.

చిట్లే అర్థమూ చిట్లని అర్థమూ పక్కపక్కనే పనిచేసే చోటు జాషువా గబ్బిలంలో ఉంది. 1941లో వచ్చిన ఈ కావ్యంలో గుడిలోకి అడుగుపెట్టనివ్వని మనిషి, గుడిలో స్వేచ్ఛగా తిరిగే గబ్బిలం చేత కాశీలోని శివుడికి సందేశం పంపుతాడు. మేఘసందేశంలో కాళిదాసు యక్షుడికి మేఘం దొరికింది, ఇతనికి దొరికింది జనం అపశకునం అనే గబ్బిలం. ఆ ఎంపికలోనే సగం కావ్యం ఉంది. అందులో ఈ మనిషి గురించిన మాటలు:

వాని రెక్కల కష్టంబు లేనినాడు
సస్యరమ పండి పులకింప సంశయించు
వాడు చెమ్మటలోడ్చి ప్రపంచమునకు
భోజనము పెట్టు వానికి భుక్తి లేదు

సస్యరమ అంటే పైరు అనే లక్ష్మి. ఆమె పులకరించడానికి వెనకాడుతుందట. కంకి మీద నూగు నిక్కబొడుచుకోవడమూ, మనిషి ఒళ్లు పులకరించడమూ ఒకే మాటలో ఒదిగాయి. ఇది అచ్చమైన ప్రబంధ శైలి. ఆ వెంటనే రెండు పాదాల్లో ఒక్క అలంకారం కూడా లేదు. చెమటోడుస్తాడు, లోకానికి అన్నం పెడతాడు, అతనికి తిండి లేదు. అంత నగిషీ తర్వాత ఈ రెండు పాదాలు బోసిగా ఎందుకున్నాయని అడగాలి. నగిషీ లక్ష్మికి దక్కింది, అతనికి దక్కలేదు. పోలిక లేకపోవడాన్ని గుర్తుపట్టడం కూడా పోలికను గుర్తుపట్టడమంత అవసరమే.

కొంచెం ముందుకు పోతే

కసరి బుసకొట్టు నాతని గాలి సోక
నాల్గు పడగల హైందవ నాగరాజు

అని వస్తుంది. మళ్లీ పొడుపుకథ. నాలుగు పడగల పాము లోకంలో ఎక్కడా లేదు, కాబట్టి పైఅర్థం చిట్లింది. "హైందవ" అన్న మాట జవాబు వైపు చూపిస్తుంది. నాలుగు పడగలు నాలుగు వర్ణాలు. వర్ణం అన్న మాట ఈ పాదాల్లో లేదు, పడగలు దాన్ని మింగేశాయి. ఆరేళ్ల పిల్ల తేనెపట్టును పట్టుకున్నట్టే దీన్నీ పట్టుకోవచ్చు. కష్టమైనది "గాలి సోక" అన్న మామూలు మాట. అందులో చిట్లేది ఏమీ లేదు. అంటరానివాడి మీదుగా వచ్చిన గాలి తగిలినా మైల అనుకునే ఆచారం లోకంలో ఉన్నదే, ఉన్నదున్నట్టే చెప్పాడు కవి. కానీ తెలుగులో పాముకు గాలిమేపరి అని ఇంకో పేరుంది, సంస్కృతంలో పవనాశనుడు. గాలి తిని బతుకుతుందని వాడుక. గాలే తిండిగా బతికే పాము, ఈ ఒక్క మనిషి గాలికి మాత్రం పడగ విప్పింది.